ఆఫీసు డొమైన్‌లోకి లాగిన్ కాని కంప్యూటర్: లోపం ఏ మెట్టు మీద ఉందో పట్టుకునే పద్ధతి

"సార్, నా సిస్టమ్ ఓపెన్ అవడం లేదు." ఉదయం పది గంటల ప్రాంతంలో సిస్టమ్స్ విభాగానికి వచ్చే ఫోన్లలో ఎక్కువగా వినిపించే మాట ఇదే. పాస్‌వర్డ్ మరచిపోయినా, స్విచ్‌లో పోర్టు పాడైనా, సర్వర్ గడియారం తప్పినా ఆ మాట మారదు. దానికి మన దగ్గర స్థిరపడిపోయిన వైద్యం కూడా ఒక్కటే: కంప్యూటర్‌ను డొమైన్ (ఆఫీసు కంప్యూటర్లను, ఖాతాలను ఒకేచోట నిర్వహించే సమూహం) నుంచి తీసేసి, రీస్టార్ట్ చేసి, మళ్లీ డొమైన్‌లో కలపడం. ఈ వైద్యం అప్పుడప్పుడు పనిచేస్తుంది కాబట్టే దాని మీద అంత నమ్మకం ఏర్పడింది. అయితే అసలు లోపం డీఎన్ఎస్‌లో (పేరు చెబితే సర్వర్ చిరునామా చెప్పే సేవలో) ఉన్న కంప్యూటర్‌ను ఇలా బయటకు తీస్తే, అదే డీఎన్ఎస్ లోపం వల్ల అది తిరిగి లోపలికి చేరలేదు. ఆ యంత్రం లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తు లేదన్న సంగతి కూడా సరిగ్గా అప్పుడే బయటపడుతుంది. కదలని బండి ఇప్పుడు చక్రాలు కూడా లేని బండి అవుతుంది.

విండోస్ సర్వర్ మీద, ఖాతాల, కంప్యూటర్ల వివరాలు దాచే యాక్టివ్ డైరెక్టరీ నడుస్తూ, విండోస్ 10 లేదా 11 కంప్యూటర్లు దాని డొమైన్‌లో సభ్యులుగా ఉన్న మధ్యతరహా కార్యాలయాన్ని దృష్టిలో పెట్టుకుని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. కమాండ్ల పేర్లను ఉచ్చారణ ప్రకారం తెలుగులో ఇస్తున్నాను. టైపు చేసేటప్పుడు వాటిని మామూలు ఆంగ్ల అక్షరాలతోనే కొట్టాలి. ఉదాహరణల కోసం డొమైన్ పేరు ఆఫీస్.లోకల్ అనుకుందాం.

లాగిన్ వెనుక జరిగే పని

ఉద్యోగి పేరు, పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్ నొక్కిన తర్వాత డెస్క్‌టాప్ కనిపించే లోపు చాలా పనులు వరుసగా జరగాలి. కేబుల్ లేదా వైఫై ద్వారా నెట్‌వర్క్ అందాలి. చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి ఐపీ చిరునామా రావాలి. ఆ చిరునామాతో పాటు వచ్చిన డీఎన్ఎస్ సర్వర్‌ను అడిగి, ఈ డొమైన్‌కు లాగిన్లను సరిచూసే సర్వర్, అంటే డొమైన్ కంట్రోలర్, ఎక్కడ ఉందో కంప్యూటర్ తెలుసుకోవాలి. కంప్యూటర్ గడియారం, కంట్రోలర్ గడియారం దాదాపు ఏకీభవించాలి. ఉద్యోగి సంగతి అటుంచి, ఆ కంప్యూటర్ తానే డొమైన్‌లో సభ్యుడినని తన సొంత పాస్‌వర్డ్‌తో రుజువు చేసుకోవాలి. ఇవన్నీ నెగ్గిన తర్వాతే ఉద్యోగి ఖాతా, పాస్‌వర్డ్ సరైనవా కావా అన్న పరీక్ష వస్తుంది, చివరన ఉద్యోగి డెస్క్‌టాప్, ఫైళ్లు, అమరికలు ఉండే ప్రొఫైల్ తెరుచుకుంటుంది.

తెర మీద కనిపించే సందేశం మాత్రం ఈ మెట్లలో ఏది విరిగిందో చాలాసార్లు చెప్పదు. అందువల్ల కింది మెట్టు నుంచి పైకి వెళ్లాలి, ప్రతి మెట్టు దగ్గరా ఒక రుజువు చూసుకునే ముందుకు కదలాలి.

ఈ వరుసను మరుగుపరిచే ఒక సదుపాయం గురించి ముందే చెప్పుకోవాలి. డొమైన్ కంట్రోలర్ అందనప్పుడు, గతంలో ఆ యంత్రంలో విజయవంతంగా లాగిన్ అయిన వారిని విండోస్ తాను దాచుకున్న ఆనవాళ్లతో సరిచూసి లోపలికి అనుమతిస్తుంది. మార్చకపోతే చివరి 10 మంది ఆనవాళ్లు ఇలా నిలువ ఉంటాయి. కాబట్టి పాత ఉద్యోగి లాగిన్ అయి, కొత్త ఉద్యోగి లాగిన్ కాకపోతే తప్పు కొత్త ఉద్యోగి ఖాతాలో ఉందని తీర్మానించకూడదు. నెట్‌వర్క్ ఉదయం నుంచే లేకపోయి ఉండవచ్చు, పాతవారికి ఆ సంగతి ఇంకా తెలియకపోవచ్చు. అనుమానం ఉంటే లోపలికి వెళ్లిన ఉద్యోగి కమాండ్ ప్రాంప్ట్‌లో కేలిస్ట్ అని కొట్టి చూడవచ్చు. కెర్బెరోస్ (డొమైన్‌లో గుర్తింపును రుజువు చేసే పద్ధతి) టికెట్లు సున్నా అని కనిపిస్తే ఆయన కంట్రోలర్‌ను కలవకుండానే లోపలికి వచ్చారని అర్థం.

కుర్చీలోంచి లేవక ముందు అడగవలసినవి

ముందుగా సందేశాన్ని అక్షరం పొల్లు పోకుండా చదివించుకోవాలి, లేదా ఫోన్‌తో ఫొటో తీసి పంపమనాలి. పేరు లేదా పాస్‌వర్డ్ తప్పు అని వస్తే, కంట్రోలర్ జవాబిచ్చిందన్న ఆశ పెట్టుకోవచ్చు గానీ అది పూర్తి నిర్ధారణ కాదు. డొమైన్ అందుబాటులో లేదని వస్తే నెట్‌వర్క్, డీఎన్ఎస్‌ల వైపు వెళ్లాలి. ఈ వర్క్‌స్టేషన్‌కూ ప్రధాన డొమైన్‌కూ మధ్య నమ్మకపు సంబంధం విఫలమైందని వస్తే, అది యంత్రం సొంత పాస్‌వర్డ్‌కు సంబంధించిన విషయం. ఖాతా లాక్ అయిందని వస్తే యంత్రాన్ని ముట్టుకోవలసిన పనే లేదు.

ఆ తర్వాత రెండు ప్రశ్నలు వేయాలి. ఇదే ఉద్యోగి పక్క కంప్యూటర్‌లో లాగిన్ కాగలుగుతున్నారా? ఈ కంప్యూటర్‌లో మరొకరు, అదీ ఇంతకుముందు ఎన్నడూ అందులో లాగిన్ కాని వారు, లాగిన్ కాగలుగుతున్నారా? మొదటి ప్రశ్నకు అవును, రెండోదానికి కాదు అని జవాబు వస్తే లోపం యంత్రంలోనో దాని కేబుల్‌లోనో ఉంది. జవాబులు తారుమారైతే లోపం ఖాతాలో ఉంది. రెండింటికీ కాదనే జవాబు వస్తే లేచి సర్వర్ గదికి నడవాలి. రెండింటికీ అవుననే వస్తే, అంటే ఈ మనిషికి ఈ యంత్రంలో మాత్రమే ఇబ్బంది ఉంటే, ప్రొఫైల్‌ను గానీ, ఫలానా కంప్యూటర్లలోనే లాగిన్ కావాలని ఖాతాకు పెట్టిన నిబంధనను గానీ అనుమానించాలి. ఈ రెండు ప్రశ్నలకు పట్టేది ఐదు నిమిషాలే అయినా, సగానికి సగం దారులు అక్కడే మూసుకుపోతాయి.

కీబోర్డు, పేరు

క్యాప్స్ లాక్ గురించి అందరూ అడుగుతారు. కీబోర్డు భాష గురించి అడిగేవారు తక్కువ. తెలుగులో ఉత్తరాలు టైపు చేసే విభాగాలలో లాగిన్ తెర మీద కూడా తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఎంపికై ఉండిపోవడం మామూలే. పాస్‌వర్డ్ గడిలో చుక్కలు మాత్రమే కనిపిస్తాయి కాబట్టి ఏ అక్షరాలు పడుతున్నాయో ఉద్యోగికి తెలియదు. తెర కింది కుడి మూలన ఉన్న భాష గుర్తును చూడాలి. బ్రిటన్ లేఅవుట్ ఎంపికై ఉంటే మరో తమాషా జరుగుతుంది: అక్షరాలు, అంకెలు అన్నీ సరిగానే పడతాయి, కానీ ఎట్ గుర్తు, కొటేషన్ గుర్తు ఒకదాని చోట ఒకటి పడతాయి. మనవాళ్ల పాస్‌వర్డ్లలో ఎట్ గుర్తుకు ఉన్న ఆదరణ దృష్ట్యా ఇది చిన్న విషయం కాదు. పాస్‌వర్డ్ గడి పక్కన ఉండే కంటి బొమ్మను నొక్కి పట్టుకుంటే పడిన అక్షరాలు కనిపిస్తాయి.

పేరు గడి కింద ఎక్కడికి సైన్ ఇన్ అవుతున్నారో విండోస్ చూపిస్తుంది. అక్కడ డొమైన్ పేరుకు బదులు కంప్యూటర్ పేరు ఉంటే, ఉద్యోగి పేరును ఆ కంప్యూటర్‌లోని లోకల్ ఖాతాలలో వెతుకుతుంది, లేదని చెబుతుంది. డొమైన్ పేరు, బ్యాక్‌స్లాష్, ఉద్యోగి పేరు కలిపి కొడితే ఈ సమస్య తీరుతుంది.

ఇక్కడి నుంచి చేసే పరీక్షలకు యంత్రం లోపలికి వెళ్లాలి. పేరు గడిలో చుక్క, బ్యాక్‌స్లాష్, ఆ తర్వాత లోకల్ అడ్మిన్ ఖాతా పేరు కొడితే డొమైన్‌తో పని లేకుండా లాగిన్ కావచ్చు. ఇన్‌స్టలేషన్‌తో పాటు వచ్చే అడ్మినిస్ట్రేటర్ ఖాతా విండోస్ 10, 11లలో మామూలుగా డిసేబుల్ అయి ఉంటుంది కాబట్టి, యంత్రాన్ని మొదట సిద్ధం చేసినవారు సృష్టించిన ఖాతా కావాలి. ప్రతి కంప్యూటర్‌కూ వేరే పాస్‌వర్డ్ పెట్టి దానిని యాక్టివ్ డైరెక్టరీలో దాచే ల్యాప్స్ అనే సదుపాయాన్ని మైక్రోసాఫ్ట్ 2015లో ఇచ్చింది, 2023 ఏప్రిల్ నుంచి విండోస్‌లోనే చేర్చింది. అది అమలులో ఉన్న కార్యాలయంలో ఈ మెట్టు దగ్గర ఇబ్బంది ఉండదు. లేని చోట అన్ని యంత్రాలకూ ఒకే లోకల్ పాస్‌వర్డ్ పెట్టి ఒక కాగితం మీద రాసి డ్రాయరులో ఉంచుతుంటారు. అది ఎంత చెడ్డ అలవాటో చెప్పడం ఈ వ్యాసం పని కాదు.

చిరునామా ఎవరిచ్చారు?

ముందు కంప్యూటర్ వెనుక కేబుల్ దగ్గరి దీపాన్ని చూడాలి. అది వెలగకపోతే కేబుల్‌ను, గోడ సాకెట్‌ను, స్విచ్ పోర్టును ఆ వరుసలో మార్చి చూడాలి. తడిగుడ్డతో తుడిచేటప్పుడు లాగిన కేబుళ్లు, ఎలుకలు కొరికిన కేబుళ్లు, క్లిప్పు విరిగి వదులైన కనెక్టర్లు ఈ వృత్తిలో నిత్యం ఎదురయ్యేవే. వదులైన కనెక్టర్ మరీ చికాకు పెడుతుంది, ఎందుకంటే కుర్చీ కదిలినప్పుడల్లా సమస్య వచ్చి పోతుంది.

దీపం వెలుగుతుంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ అని, ఖాళీ వదిలి స్లాష్ ఆల్ అని కొట్టాలి. ఐపీ చిరునామా 169.254తో మొదలైతే, డీహెచ్‌సీపీ సర్వర్ జవాబివ్వక కంప్యూటర్ తనకు తానే ఒక చిరునామా పెట్టుకుందని అర్థం. కరెంటు పోయి వచ్చిన తర్వాత ఇది ఎక్కువగా కనిపిస్తుంది: కంప్యూటర్లు నిమిషంలో లేస్తాయి, సర్వర్ లేవడానికి ఇంకా చాలాసేపు పడుతుంది, లేదా మధ్యలో యూపీఎస్ లేని స్విచ్ ఒకటి ఇంకా తేరుకోలేదు. సర్వర్ వచ్చాక ఐపీకాన్ఫిగ్ స్లాష్ రిలీజ్, ఆ వెంటనే ఐపీకాన్ఫిగ్ స్లాష్ రెన్యూ కొడితే సరిపోతుంది. ఒక్క యంత్రానికే చిరునామా రాకపోతే ఆ స్విచ్ పోర్టు సరైన వీల్యాన్‌లో (నెట్‌వర్క్‌లోని విభాగంలో) ఉందా, పోర్ట్ సెక్యూరిటీ (తెలియని యంత్రాలను అడ్డుకునే అమరిక) దానిని మూసివేసిందా అని స్విచ్‌లో చూడాలి.

చిరునామా వచ్చినంత మాత్రాన సంతోషపడకూడదు. అదే జాబితాలో డీహెచ్‌సీపీ సర్వర్ అన్న వరుస ఉంటుంది, దానిని చదివేవారు అరుదు. అక్కడ మన సర్వర్ చిరునామా కాక 192.168.1.1 వంటిది కనిపిస్తే, ఎవరో వైఫై సిగ్నల్ సరిపోవడం లేదని ఇంటి నుంచి రౌటర్ తెచ్చి గోడ సాకెట్‌కు తగిలించారని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు. ఆ రౌటర్ తానూ చిరునామాలు పంచడం మొదలుపెడుతుంది. ముందు ఎవరి జవాబు అందితే ఆ చిరునామానే కంప్యూటర్ తీసుకుంటుంది కాబట్టి, ఒకే గదిలో నలుగురు లాగిన్ అయి ఇద్దరు కాకపోవడం, రీస్టార్ట్ చేస్తే బాధితులు మారిపోవడం వంటి విచిత్రాలు జరుగుతాయి. నేను చూసిన ఒక కార్యాలయంలో ఇటువంటి రౌటర్ ఫాల్స్ సీలింగ్ పైన దొరికింది. అది దొరికే లోపు మూడు కంప్యూటర్లను ఫార్మాట్ చేశారు. స్విచ్‌లో, అనధికార డీహెచ్‌సీపీ జవాబులను ఆపే డీహెచ్‌సీపీ స్నూపింగ్ సదుపాయం ఉంటే దానిని అమలు చేయడం దీనికి శాశ్వత నివారణ.

డీఎన్ఎస్

డొమైన్ లాగిన్ సమస్యలలో నా అనుభవం మేరకు అతి పెద్ద వాటా దీనిదే. ఇంటర్నెట్ చక్కగా వస్తుంటుంది, పింగ్ చేస్తే సర్వర్ పలుకుతుంది, లాగిన్ మాత్రం కాదు.

కారణం సులభంగానే అర్థమవుతుంది. విండోస్ 2000తో యాక్టివ్ డైరెక్టరీ వచ్చినప్పటి నుంచి కంప్యూటర్లు కంట్రోలర్‌ను డీఎన్ఎస్ ద్వారానే వెతుకుతాయి. సర్వీస్ రికార్డులు అనే ప్రత్యేకమైన నమోదులు ఆ డీఎన్ఎస్‌లో ఉండాలి, అవి కార్యాలయంలోని డీఎన్ఎస్ సర్వర్‌లో మాత్రమే ఉంటాయి. ఐపీకాన్ఫిగ్ జాబితాలో డీఎన్ఎస్ సర్వర్ల వద్ద 8.8.8.8 ఉంటే, ఆఫీస్.లోకల్ ఎక్కడ అని కంప్యూటర్ గూగుల్‌ను అడుగుతుంది, గూగుల్ అటువంటి పేరే లేదని నిజాయితీగా చెబుతుంది.

మన సర్వర్ మొదట, 8.8.8.8 రెండోది ఉంటే నష్టం లేదు కదా, మొదటిది పోతే రెండోది ఆదుకుంటుంది కదా అని చాలామంది వాదిస్తారు. ఈ వాదన తప్పు. మొదటి సర్వర్ కాసేపు జవాబివ్వకపోతే కంప్యూటర్ రెండోదానిని అడుగుతుంది. అది లేదని చెప్పిన జవాబును కంప్యూటర్ తుది జవాబుగానే నమ్ముతుంది, మళ్లీ మొదటిదానిని అడిగి సరిచూసుకోదు. ఫలితంగా వారానికి రెండుసార్లు వచ్చి, మనం వెళ్లేసరికి మాయమయ్యే లోపం తయారవుతుంది. డొమైన్ సభ్యులైన కంప్యూటర్లకు అన్ని డీఎన్ఎస్ చిరునామాలూ కార్యాలయంలోని సర్వర్లవే కావాలి. బయటి పేర్ల కోసం ఆ సర్వర్లలో ఫార్వర్డర్‌గా 8.8.8.8ను పెట్టుకోవచ్చు. బ్రాడ్‌బ్యాండ్ రౌటర్ ఐపీవీ6 ద్వారా తన డీఎన్ఎస్‌ను ప్రకటిస్తోందేమో కూడా చూడాలి. ఐపీవీ4 వైపు అంతా సవ్యంగా ఉండి, జాబితాలో పైన ఒక పొడవాటి ఐపీవీ6 చిరునామా కూర్చుని ఉండవచ్చు.

పరీక్ష ఇలా చేయాలి. ఎన్ఎల్‌టెస్ట్ అని, స్లాష్ డీఎస్‌గెట్‌డీసీ, కోలన్, ఆఫీస్.లోకల్ అని ఖాళీ లేకుండా కొట్టాలి. కంట్రోలర్ పేరు, చిరునామా వస్తే ఈ మెట్టు దాటినట్టే. రాకపోతే ఎన్ఎస్‌లుకప్ తెరిచి, టైపును ఎస్‌ఆర్‌వీగా మార్చి, అండర్‌స్కోర్ ఎల్‌డాప్, చుక్క, అండర్‌స్కోర్ టీసీపీ, చుక్క, డీసీ, చుక్క, అండర్‌స్కోర్ ఎంఎస్‌డీసీఎస్, చుక్క, ఆఫీస్.లోకల్ అన్న పేరును అడగాలి. ఏ సర్వర్ జవాబిస్తోందో కూడా పై వరుసలో కనిపిస్తుంది. రికార్డులు వస్తున్నా ఎన్ఎల్‌టెస్ట్ విఫలమైతే దారిలో ఫైర్‌వాల్ లేదా యాంటీవైరస్ అడ్డుపడుతోందని అనుకోవాలి. డీఎన్ఎస్‌కు 53, కెర్బెరోస్‌కు 88, ఒక యంత్రం మరోదానిలో పని చేయించే ఆర్‌పీసీకి 135, డైరెక్టరీని చదివే ఎల్‌డాప్‌కు 389, ఫైళ్లకూ గ్రూప్ పాలసీకీ (డొమైన్ నుంచి కంప్యూటర్లకు అందే అమరికలకు) 445 పోర్టులు తెరిచి ఉండాలి. పవర్‌షెల్‌లోని టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండ్‌తో ఒక్కొక్క టీసీపీ పోర్టునూ పరీక్షించవచ్చు. పింగ్ పలికినంత మాత్రాన ఈ పోర్టులు తెరిచి ఉన్నట్టు కాదు.

దిద్దిన తర్వాత ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఫ్లష్‌డీఎన్ఎస్ కొట్టడం మరవకూడదు, లేదని విన్న పాత జవాబు కాసేపు కంప్యూటర్ జ్ఞాపకంలో ఉండిపోతుంది.

గడియారం

కెర్బెరోస్ అమెరికాలోని ఎంఐటీలో 1980లలో అథీనా అనే ప్రాజెక్టు కోసం పుట్టింది. ఎవరైనా నెట్‌వర్క్‌లో పాత సంభాషణను దొంగిలించి తిరిగి వినిపించి లోపలికి రాకుండా, అది ప్రతి అభ్యర్థన మీదా సమయం ముద్ర చూస్తుంది. విండోస్ డొమైన్‌లో మార్చకపోతే 5 నిమిషాల తేడాను మాత్రమే అనుమతిస్తుంది. తేడా దాటితే లక్షణాలు ఒకే రకంగా ఉండవు: కొన్ని యంత్రాలలో సమయం తేడా ఉందని సూటిగా సందేశం వస్తుంది, కొన్నింటిలో లాగిన్ అయిపోయి షేర్డ్ ఫోల్డర్ల దగ్గరో గ్రూప్ పాలసీ దగ్గరో ఆగుతుంది.

పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోవడం మొదటి కారణం. రాత్రి మెయిన్ స్విచ్ ఆపేసే కార్యాలయాలలో ఇటువంటి యంత్రం ప్రతి ఉదయం ఏదో పాత సంవత్సరంతో లేస్తుంది. కొద్దిపాటి డబ్బుతో కొత్త బ్యాటరీ వేస్తే తీరే ఈ సమస్యకు నెలల తరబడి రోజూ తేదీ దిద్దుకుంటున్నవారిని చూశాను.

రెండో కారణం కంటికి కనిపించదు. కొత్త యంత్రం టైమ్ జోన్ అమెరికా పసిఫిక్ తీరానికి ఉండిపోయింది. తెర మీద సమయం తప్పుగా కనిపించింది కాబట్టి ఎవరో జోన్‌ను వదిలేసి ముల్లును మాత్రం మన సమయానికి తిప్పారు. ఇప్పుడు గోడ గడియారానికీ తెరకూ ఒక్క సెకను తేడా లేదు, కానీ కెర్బెరోస్ చూసేది తెర మీది సమయాన్ని కాదు, విశ్వ ప్రామాణిక సమయాన్ని. ఆ లెక్కలో ఈ యంత్రం శీతాకాలంలో పదమూడున్నర గంటలు, వేసవిలో పన్నెండున్నర గంటలు తప్పింది. అందువల్ల కంటితో పోల్చి గడియారం సరిగానే ఉందని రాసుకోవడం పరీక్ష కాదు. డబ్ల్యూ32టీఎం అని, స్లాష్ స్ట్రిప్‌చార్ట్, ఆపై స్లాష్ కంప్యూటర్, కోలన్, కంట్రోలర్ పేరు కొడితే జోన్‌తో సంబంధం లేని అసలు తేడా సెకన్లలో వస్తుంది. నిలపడానికి కంట్రోల్, సీ నొక్కాలి.

దిద్దేటప్పుడు ముందు జోన్‌ను భారత ప్రామాణిక సమయానికి, అంటే ఐదున్నర గంటలు ముందుకు మార్చి, ఆ తర్వాతే గడియారం ముట్టుకోవాలి. ఆపై డబ్ల్యూ32టీఎం స్లాష్ రీసింక్ స్లాష్ రీడిస్కవర్ కొట్టాలి. తేడా అన్ని యంత్రాలలోనూ ఉంటే తప్పు పైన ఉంది: డొమైన్‌లో అందరికీ సమయం చెప్పేది పీడీసీ ఎమ్యులేటర్ పాత్ర ఉన్న కంట్రోలర్. అది మాత్రం బయటి నమ్మదగిన మూలం నుంచి సమయం తీసుకోవాలి. 2022 ఏప్రిల్ 28న దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం మన దేశంలోని సంస్థలు జాతీయ సమాచార కేంద్రం (ఎన్‌ఐసీ) లేదా న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఎన్‌టీపీ (సమయం అందించే) సర్వర్లతో గానీ, వాటితో సరిపోలే మూలాలతో గానీ గడియారాలను కలపాలి. కంట్రోలర్ వర్చువల్ యంత్రమైతే దాని ఆతిథ్య సర్వర్ కూడా తన సమయాన్ని రుద్దుతూ ఉండవచ్చు, ఆ రెండింటిలో ఒకటే మిగలాలి.

నమ్మకపు సంబంధం తెగినప్పుడు

డొమైన్‌లో చేరిన ప్రతి కంప్యూటర్‌కూ మనిషికి ఉన్నట్టే ఒక ఖాతా, ఒక పాస్‌వర్డ్ ఉంటాయి. ఆ పాస్‌వర్డ్‌ను కంప్యూటర్ తానే సుమారు 30 రోజులకు ఒకసారి మార్చుకుని కంట్రోలర్‌కు చెబుతుంది. రెండు వైపులా ఉన్న పాస్‌వర్డ్ సరిపోలనప్పుడు నమ్మకపు సంబంధం విఫలమైందన్న సందేశం వస్తుంది.

నెల రోజులు సెలవులో ఉంటే ల్యాప్‌టాప్ డొమైన్ నుంచి పడిపోతుందన్న ప్రచారం ఒకటి మన మధ్య బలంగా ఉంది. అది నిజం కాదు. మార్పును మొదలుపెట్టేది కంప్యూటరే. అది ఆరు నెలలు కట్టేసి ఉంటే పాస్‌వర్డ్ కూడా రెండు వైపులా పాతదే ఉంటుంది, తెరిచిన రోజు కొత్తది పెట్టుకుంటుంది. చాలాకాలం వాడని యంత్రాల ఖాతాలను ఎవరైనా డైరెక్టరీలో డిసేబుల్ చేసి ఉంటే అది వేరే సంగతి, దానికి ఎనేబుల్ చేయడమే మందు. నిజమైన కారణాలు ఇవి: పాత ఇమేజ్‌ను, వర్చువల్ యంత్రమైతే పాత స్నాప్‌షాట్‌ను వెనక్కి తెచ్చారు, ఒకే పేరుతో రెండో కంప్యూటర్‌ను డొమైన్‌లో చేర్చడంతో మొదటిదాని ఖాతా దాని చేతికి పోయింది, లేదా కంప్యూటర్ ఖాతాను ఎవరో తుడిచేశారు, రీసెట్ చేశారు. రెండో కారణం ఫార్మాట్ చేసిన యంత్రానికి జాబితా చూడకుండా పేరు పెట్టిన ప్రతిసారీ జరుగుతుంది.

లోపలికి వెళ్లడానికి లోకల్ అడ్మిన్ ఖాతా ఉంటే మంచిది. లేకపోతే ఒక ఉపాయం ఉంది: నెట్‌వర్క్ కేబుల్ తీసి, వైఫై ఆపి, ఆ యంత్రంలో లోగడ లాగిన్ అయిన, అడ్మిన్ హక్కులున్న డొమైన్ ఖాతాతో ప్రయత్నించాలి. కంట్రోలర్ కనిపించదు కాబట్టి విండోస్ దాచుకున్న ఆనవాళ్లతో అనుమతిస్తుంది. లోపలికి వెళ్లాక కేబుల్ తిరిగి తగిలించాలి.

ఆ తర్వాత విండోస్‌తో వచ్చే నీలి రంగు పవర్‌షెల్‌ను అడ్మిన్‌గా తెరిచి టెస్ట్-కంప్యూటర్‌సెక్యూర్‌ఛానల్ అని కొట్టాలి. విడిగా వేసుకునే పవర్‌షెల్ 7లో ఈ కమాండ్ లేదు. ఫలితం ట్రూ అయితే సంబంధం బాగానే ఉంది, మీరు తప్పు మెట్టు మీద ఉన్నారు. ఫాల్స్ అయితే, డీఎన్ఎస్‌నూ గడియారాన్నీ ఇప్పటికే సరిచూసి ఉంటే, అదే కమాండ్‌కు హైఫన్ రిపేర్, హైఫన్ క్రెడెన్షియల్ జోడించి, కంప్యూటర్ ఖాతాను రీసెట్ చేసే అధికారం ఉన్న డొమైన్ ఖాతా పేరు ఇవ్వాలి. పాస్‌వర్డ్ అడుగుతుంది, ఇస్తే రెండు వైపులా కొత్త పాస్‌వర్డ్ కుదురుతుంది. డొమైన్ నుంచి తీయనక్కరలేదు, ప్రొఫైల్ కదలదు.

ఇది కూడా విఫలమై, నిజంగానే తీసి చేర్చవలసి వస్తే మూడు జాగ్రత్తలు తప్పవు. లోకల్ అడ్మిన్ ఖాతాతో లాగిన్ కావడం ముందే పరీక్షించి చూడాలి. పాస్‌వర్డ్ తెలుసనుకోవడం చాలదు. డ్రైవ్ బిట్‌లాకర్ అనే గుప్తీకరణతో మూసి ఉంటే రికవరీ కీని వేరే చోట రాసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, డైరెక్టరీలోని పాత కంప్యూటర్ ఖాతాను తుడిచేయకూడదు. రికవరీ కీలను డైరెక్టరీలో దాచే కార్యాలయాలలో అవి ఆ ఖాతా కిందనే ఉంటాయి, ల్యాప్స్ పాస్‌వర్డ్ కూడా ఆ ఖాతాలోనే ఉంటుంది. ఖాతాతో పాటే అవీ పోతాయి. తుడిచే బదులు రీసెట్ అకౌంట్ అన్న ఎంపికను వాడాలి. 2022 అక్టోబరు అప్‌డేట్ల తర్వాత, వేరొకరు సృష్టించిన కంప్యూటర్ ఖాతాను అదే పేరుతో తిరిగి వాడుకోబోతే విండోస్ భద్రతా కారణాలతో అడ్డుకుంటుంది, 2732 అన్న దోష సంఖ్య చూపుతుంది. అప్పుడు ఆ ఖాతాను మొదట సృష్టించిన వ్యక్తి చేతనే చేర్పించడం దారి. ఒక ఊరట ఏమిటంటే, అదే డొమైన్‌లో తిరిగి చేరిన యంత్రంలో ఉద్యోగి పాత ప్రొఫైల్ అలాగే దొరుకుతుంది.

ఉద్యోగి ఖాతా

ఇక్కడికి వచ్చేసరికి యంత్రం నిర్దోషి. డొమైన్‌లోని మరో కంప్యూటర్ నుంచి నెట్ యూజర్ అని, ఉద్యోగి పేరు, చివర స్లాష్ డొమైన్ కొడితే ఖాతా పనిచేస్తోందా, లాక్ అయిందా, ఎప్పుడు గడువు తీరుతుంది, పాస్‌వర్డ్ ఎప్పుడు మార్చారు, ఏ వేళల్లో, ఏ కంప్యూటర్లలో లాగిన్ కావచ్చు అన్నవి ఒకేచోట కనిపిస్తాయి.

ఇంకా సూక్ష్మంగా తెలియాలంటే యంత్రంలోని సెక్యూరిటీ లాగ్‌లో 4625 సంఖ్య గల ఈవెంట్‌ను తెరిచి సబ్ స్టేటస్ చూడాలి. తెర మీద పేరు లేదా పాస్‌వర్డ్ తప్పు అని ఒకే మాటగా చెప్పిన విండోస్, ఇక్కడ విడమరిచి రాస్తుంది. ఆ పొడవాటి కోడ్ చివర 6ఏ ఉంటే పాస్‌వర్డ్ తప్పు, 64 ఉంటే ఆ పేరుతో ఖాతానే లేదు, 72 అయితే డిసేబుల్ చేశారు, 234 అయితే లాక్ అయింది, 193 అయితే ఖాతా గడువు ముగిసింది, 71 అయితే పాస్‌వర్డ్ గడువు ముగిసింది, 6ఎఫ్ అయితే అనుమతి లేని వేళ, 70 అయితే అనుమతి లేని కంప్యూటర్. కాంట్రాక్టు ఉద్యోగుల ఖాతాలు మార్చి 31కి ముగిసేలా పెట్టి, ఒప్పందాన్ని పొడిగించి, ఖాతాను మరచిపోయే కార్యాలయాలలో ఏప్రిల్ మొదటి పనిదినాన ఈ 193 బాగా కనిపిస్తుంది.

అన్‌లాక్ చేసిన పది నిమిషాలకే మళ్లీ లాక్ అయ్యే ఖాతాకు అన్‌లాక్ చేయడం పరిష్కారం కాదు. ఉద్యోగి పాస్‌వర్డ్ మార్చారు, కానీ పాతదాన్ని గుర్తుపెట్టుకున్న పరికరం ఏదో దానితోనే తలుపు తడుతోంది. పీడీసీ ఎమ్యులేటర్ సెక్యూరిటీ లాగ్‌లో 4740 ఈవెంట్‌ను చూస్తే ఏ కంప్యూటర్ నుంచి తడుతోందో పేరు ఉంటుంది. ఆ యంత్రంలో క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాచిన పాస్‌వర్డ్లను, మూయకుండా వదిలేసిన రిమోట్ డెస్క్‌టాప్ సెషన్లను, ఈ పేరుతో నడిచే షెడ్యూల్డ్ టాస్కులను చూడాలి. పేరు ఖాళీగా ఉన్నా, మెయిల్ సర్వర్‌దో వైఫైని తనిఖీ చేసే సర్వర్‌దో అయినా, చాలావరకు దోషి ఉద్యోగి జేబులోని ఫోనే.

ఇంటి నుంచి పనిచేసేవారి ల్యాప్‌టాప్‌లలో దీనికి తిరగబడ్డ రూపం ఉంటుంది. పాస్‌వర్డ్‌ను వేరే చోట మార్చారు, ల్యాప్‌టాప్ మాత్రం వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే దారి) లేక కంట్రోలర్‌ను చూడలేదు. దానికి తెలిసింది పాత పాస్‌వర్డే. పాతదానితో లోపలికి వెళ్లి, వీపీఎన్ కలిపి, తెరను లాక్ చేసి, కొత్తదానితో తెరిస్తే కుదురుతుంది. అదే కొత్తగా చేతికిచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఆనవాళ్లేవీ లేవు కాబట్టి ఇంట్లో మొదటి లాగిన్ అసాధ్యం. లాగిన్‌కు ముందే కలిసే వీపీఎన్ లేకపోతే, ఒకసారి కార్యాలయంలో కేబుల్ మీద లాగిన్ చేయించి పంపాలి.

లోపలికి వెళ్లాక ఖాళీ డెస్క్‌టాప్

తాత్కాలిక ప్రొఫైల్‌తో లాగిన్ అయ్యారని వస్తే లాగిన్ నెగ్గినట్టే, ప్రొఫైల్ చెడింది. ఆ సెషన్‌లో దాచిన ఫైళ్లు లాగ్ఆఫ్‌తో పోతాయని ఉద్యోగికి వెంటనే చెప్పాలి. సీ డ్రైవ్ నిండిపోయిందేమో మొదట చూడాలి. ఆ తర్వాత రిజిస్ట్రీలోని ప్రొఫైల్‌లిస్ట్‌లో ఉద్యోగి గుర్తింపు సంఖ్య చివర చుక్క, బీఏకే అని తగిలిన నకలు ఉంటే, రిజిస్ట్రీని బ్యాకప్ తీసుకుని, తాత్కాలిక నమోదును పక్కకు తప్పించి, అసలుదానికి ఆ తోకను తీసేసి రీస్టార్ట్ చేయాలి.

అందరికీ ఒకేసారి వస్తే

కంట్రోలర్‌లో నెట్‌లాగాన్ (లాగిన్ సేవ), కేడీసీ (కెర్బెరోస్ టికెట్లు ఇచ్చే సేవ), డీఎన్ఎస్, విండోస్ టైమ్ సర్వీసులు నడుస్తున్నాయా, డిస్కులో చోటు ఉందా, కంట్రోలర్ సొంత డీఎన్ఎస్ అమరికలో ఎవరైనా 8.8.8.8 చేర్చారా అని చూడాలి. కంప్యూటర్ల సిస్టమ్ లాగ్‌లో నెట్‌లాగాన్ పేరుతో 5719 ఈవెంట్లు వరుసగా ఉంటే, అవి మొదలైన సమయమే మీ దర్యాప్తుకు ఆధారం. ఆ సమయానికి సర్వర్ గదిలో ఏం మారిందో అడగాలి. క్రితం రాత్రి అప్‌డేట్లు పడి ఉంటే వాటినీ అనుమానించవచ్చు. 2022 నవంబరు 8న వచ్చిన అప్‌డేట్లు కంట్రోలర్లలో కెర్బెరోస్‌ను ఇబ్బంది పెట్టాయి, నవంబరు 17న మైక్రోసాఫ్ట్ విడిగా సవరణ విడుదల చేయవలసి వచ్చింది. ఒక్కటే కంట్రోలర్ ఉన్న కార్యాలయంలో అటువంటి ఉదయం ఎలా ఉంటుందో అనుభవించినవారు ఆ ఏడాది బడ్జెట్‌లోనే రెండో కంట్రోలర్‌కు ప్రతిపాదన పెట్టి ఉంటారు.